ఐదు, ఆరు, ఎనిమిది

2003 జూన్ 11, బుధవారం

ఈ నోటుబుక్కు పాలిటెక్నిక్‌లో రికార్డు రాయడానికి కొన్నది. రికార్డు రాయలేదు, పాలిటెక్నిక్కే వదిలేశాను. కాగితం వృథా పోకూడదు కాబట్టి ఇందులో కోపం రాస్తాను. బయట అరిస్తే అమ్మ "మెల్లగా మాట్లాడు వీరేషూ, గోడలు పాతవి" అంటుంది.

డిజైను అంగడి శశికుమార్ ఈరోజు నాయనకు మగ్గం అట్టలు ఇవ్వనన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"శ్రీరంగన్నా, ఆ మొగ్గల అంచు నీకిచ్చినా గానీ బాలప్పకు ఇయ్యలేదే. ఆయప్ప మగ్గం మీద యెట్ల పూసింది?"

"నేనే ఇచ్చినా. నా బామ్మర్ది. అట్టలు మూలన పడుండాయి గదా అని."

"అట్టలు నీవి. డిజైను నాది. బాలప్ప కాడుండే అట్టల దండ తెచ్చి నా అంగడి ముందర కాల్చు. నలుగురిలో తప్పయిందని చెప్పు. అప్పుడు సూద్దాం."

నాయన తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. అంతే. ఒక్క మాట అనలేదు! నేను అనబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

అట్టకు బొక్క ఉన్న చోట పడుగు దారం లేస్తుంది, లేని చోట పడి ఉంటుంది. చీర అంచులో మొగ్గ పూసేది దానివల్లే. ధర్మవరంలో ఈ సంగతి చంటిబిడ్డకు కూడా తెలుసు. శశికుమార్ కంప్యూటరు పెట్టిన నాటి నుంచి అది ఆయన సొంత విద్య అయిపోయింది. మా వీధిలో ఒక ఇంట్లో నేత ముగిస్తే అట్టల దండ పక్క ఇంటికి పోతుంది. వట్టిగా పోదు, చివరి అట్టకు గుడ్డలో బెల్లం ముక్క కట్టి పంపుతారు. తాత కాలం నుంచీ అంతే. బెల్లం కట్టి ఇచ్చినదాన్ని కాల్చమంటాడు!

మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి తొమ్మిది రోజులు. అట్టలు లేక మగ్గం గుంతలో పిల్లి పడుకుంటోంది.

"నేను చేస్తా నాయనా అట్టలు" అన్నాను.

"కోపంతో బొక్కలు పడతాయేమప్పా?"

"పడతాయి."

చాలాసేపు పడుగు మీద చెయ్యి పెట్టి చూశాడు. "శ్రావణం వచ్చేదాకా సూస్తా. ఆ మీద పట్టు నిలబడదు, వదులైపోతాది. ఆ పొద్దు నేనే పోయి చెప్పుకుంటా."

చెప్పుకోనివ్వను. నా నాయన ఆ మెట్ల మీద నిలబడి తప్పయిందనే రోజు రాకూడదు. ఈ బుక్కులో మొదటి పేజీలోనే రాస్తున్నాను.

జూన్ 13

శశికుమార్ కంప్యూటరు వెనక ఆకుపచ్చ ముక్క ఒకటి గుచ్చి ఉంటుంది. అది తీస్తే డిజైను ప్రోగ్రాం తెరుచుకోదు. అట్టలకు తాళం, ప్రోగ్రాంకు తాళం, మనుషుల నోటికి తాళం.

బెంగుళూరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ల సభలో పంచిన పసుపు కరపత్రం మళ్లీ చదివాను. ఇది ఏడోసారి. 'పక్కవాడికి ఇవ్వకూడదని చెప్పే ప్రోగ్రాం నీకు కూడా ఇచ్చినట్టు కాదు.' ఈ మాట మా వీధిలో చదువు రాని ముసలమ్మలకు ఎప్పుడో తెలుసు. వాళ్లు బెల్లంతో చెప్పారు, వీళ్లు ఇంగ్లీషులో అచ్చు వేశారు.

జూన్ 18

బెంగుళూరు పోయి సీడీ తెచ్చాను. ఎవరో ఎక్కడో యూనిక్స్ మీద రాసి ఊరికే ఇచ్చేసిన నేత ప్రోగ్రాం. బొమ్మ ఇస్తే ఏ అట్టకు ఎక్కడెక్కడ బొక్కలు పడాలో ఫైళ్లు రాసి ఇస్తుంది. లోపల రాసినదంతా తెరిచి చూసుకోవచ్చు.

అట్టలు కొట్టే మిషను ఊళ్లో ఆదెన్నకు ఉంది, రైల్వే గేటు దగ్గర. అది విండోస్ 98 మాట తప్ప ఇంకేదీ వినదు. విండోస్ తుడిచేసి యూనిక్స్ జాతిదే అయిన లినక్స్ వేద్దామన్నాను.

"తుడువు" అన్నాడు ఆదెన్న. "మిషను నడిపే ఫ్లాపీ దానికే ఉండాది. తుడిసినాక మూడు పూటలా మీ ఇంటికొచ్చి కూర్చుంటా. మీయమ్మ రాగిసంగటి బాగా చేస్తాదంట గదా."

అందుకని సిగ్విన్. విండోస్ ఇంట్లోనే ఒక గది తీసుకుని యూనిక్స్ ప్రోగ్రాములను కాపురం పెట్టించే ఏర్పాటు. ఆదెన్నకు ఇలాగే చెప్పాను.

"ఇల్లరికపు అల్లుడా! మామ ఇంట్లో ఉంటాడు, వంట మాత్రం వాళ్లమ్మ చేసినట్టే కావాలంటాడు."

నవ్వాను. మంచివాడు. శశికుమార్ కూడా అట్టలు కొట్టించుకునేది ఇక్కడే. నేనొచ్చేది ఆయనకు తెలిస్తే ఆదెన్నకు ఇబ్బంది, అందుకని పొద్దున ఎనిమిది నుంచి పదిలోపల రమ్మన్నాడు. "నువ్వు నీ దారిన గమ్మునుండు, నేను నా దారిన గమ్మునుంటా."

ఎక్కించడానికి గంటన్నర పట్టింది. మధ్యలో వంద ప్రశ్నలు. ఏ ఫోల్డరు, ఎవరెవరు వాడతారు, ఫైళ్లలో లైను చివర గుర్తు యూనిక్స్ పద్ధతా, విండోస్ వాళ్ల డాస్ పద్ధతా. ప్రజల మధ్యకు పోయినవాడు ప్రజల భాష మాట్లాడాలి, డాస్ అన్నాను. తెర మీద తన గుర్తు పెట్టనా వద్దా అని కూడా అడిగింది. పెట్టు తల్లీ.

జూన్ 19

కరెంటు లేదు.

జూన్ 20

కరెంటు లేదు. ఆదెన్న పులిజూదం గీశాడు. మూడు ఆటలు ఓడాను. పులి పక్షం ఆడితే ఇంకా కోపం.

జూన్ 24

ప్రోగ్రాం నడిచే రూపానికి రావడం లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు ఉరుకుతాయి, చివర ఒక్క పదం: ఎర్రర్. ఈరోజు కారణం ఏమిటంటే ఫోల్డరు పేరులో రెండు పదాల మధ్య ఖాళీ ఉంది. విండోస్‌కు ఖాళీ ఉంటే పరవాలేదు. యూనిక్స్ దానికి ఖాళీ దగ్గర మాట అయిపోతుంది, మిగతా సగం వేరే ఎవరిదో అనుకుంటుంది. ఇది కనుక్కోవడానికి మూడు రోజులు! అంతకు ముందు ఫోల్డరు పేర్ల మధ్య గీత ఇటు వాలాలా అటు వాలాలా అని ఒక రోజు.

"అల్లుడెట్లుండాడు?" ఆదెన్న.

"అలిగినాడు."

"మామ చెప్పేది వాడికి తెలీదు, వాడు చెప్పేది మామకు తెలీదు. నడిమధ్య నువ్వు తిట్లు తింటాండావ్."

తిట్లు తినడం లేదు. తిడుతున్నాను.

జూలై 2, బుధవారం

వచ్చింది!

బొమ్మ నాయన చేతిది. మొగ్గల అంచు కాదు, అది శశికుమార్ తనదంటాడు గనుక వేరే మొగ్గ. తొడిమ పొడుగు, కొన సన్నం. గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో నింపి ఇచ్చాడు. తొంభైఆరు అట్టలు, అట్టకు రెండువందల నలభై సూదుల చోటు, ఎనిమిది చోట్లకు ఒక అక్షరం లెక్కన ఒక్కో అట్టకు ముప్పై అక్షరాల ఫైలు. మిషను టకటకమని కొడుతుంటే పాట విన్నట్టుంది. అమ్మ అట్టలను వరసగా దారంతో కుట్టి దండ చేసింది, మొదటి అట్టకు కుంకుమ పెట్టింది. నాయన గుంతలోకి దిగాడు. పిల్లి లేచి పోయింది.

తొడిమ వచ్చింది. ఆకు వచ్చింది. మొగ్గ కొన దగ్గరికి వచ్చేసరికి చీలిపోయింది. సగం కొన ఇక్కడ, సగం పక్కకు జరిగి అక్కడ. ఎవరో కత్తిరించి రవ్వంత అవతల అతికించినట్టు.

నాయన మగ్గం ఆపాడు. "యాడో జరిగిందప్పా" అని నేసినంతా విప్పదీయడం మొదలుపెట్టాడు. జరీ విప్పేటప్పుడు ఊపిరి బిగబట్టి విప్పుతాడు. అది చూడలేక బయటికి వచ్చేశాను.

జూలై 3

నా తప్పు కాదు. ప్రోగ్రాం మొత్తం చదివాను.

జూలై 7

మళ్లీ కొట్టించాను. మళ్లీ అదే. తొంభైఆరులో పద్నాలుగు అట్టలు తప్పు, మిగతావి శుద్ధం. తప్పువన్నీ కొన దగ్గరివే.

అమ్మ వరస తప్పి కుట్టిందేమోనని అడిగాను. అడిగాననుకున్నాను, అరిచానట.

"నేను పదేండ్ల పిల్లప్పటి నుంచి కుడతాండా. అంకెలు రాకముందే వరస తెలుసు నాకు" అంది అమ్మ. "నీ కంప్యూటరును తిట్టుకో పో. అది తిరిగి అనదు."

దండ విప్పి అట్టలన్నీ గోడకేసి కొట్టాను. పొద్దు గుంకేదాకా ఊరి బయట చిత్రావతి ఇసకలో కూర్చున్నాను. ఏట్లో నీళ్లు లేవు, ఎప్పుడూ లేవు, కానీ ఈరోజు అది కూడా నన్ను వెక్కిరించినట్టే ఉంది.

జూలై 10

మూడోసారీ కొట్టించాను, అవే పద్నాలుగు. బొమ్మ సరి. ప్రోగ్రాం సరి. కుట్టు సరి. మరి మిగిలిందేమిటి? మిషను. మిషను ఎవరిది? ఆ మిషను మీద శశికుమార్ అట్టలు రోజూ పడతాయి, ఒక్క బొక్క తప్పు రాదు. నావి మాత్రమే తప్పుతాయి. నేను వెళ్లాక సాయంత్రం ఆ కంప్యూటరు ముందు కూర్చునేది ఎవరు?

రాయకూడదనుకున్నాను. రాశాను.

జూలై 14, సోమవారం

ఆదెన్న అంగడి ముందు, టీ బంకు దగ్గర, పదిమంది ఉండగా అడిగాను. ఎందుకు దాచాలి? నిజం బహిరంగంగానే చెప్పాలి.

"ఆదెన్నా, నా ఫైళ్లు ఎవరు ముట్టుకుంటాండారు?"

"ఎవరు ముట్టుకుంటారప్పా? నాకు అందులో అక్షరం రాదు."

"మూడుసార్లు కొట్టించినా. మూడుసార్లు అవే పద్నాలుగు. నువ్వు శశికుమార్ మనిషివి. ఇంత బతుకూ ఆయప్పకు అమ్ముకున్నావని చెప్పు, పోతా!"

ఆదెన్న ముఖం ఎలా మారిందో రాయను. లోపలికి పోయి నా సీడీ తెచ్చి చేతిలో పెట్టాడు.

"నెల దినాల నుంచి ఎనిమిదింటికి నీ కోసం తలుపు తీసినా. ఇంగ రావద్దు."

జూలై 15

చేసింది సరైనదే.

జూలై 16

సరైనదే. కరపత్రం రాయడం మొదలుపెట్టాను. 'ధర్మవరం నేత కార్మికులారా, మీ అట్టల మీద ఎవరి చెయ్యి ఉందో తెలుసుకోండి.' రెండు పేజీలు అయింది.

జూలై 19

నాలుగు పేజీలు. చివర ఏం చెయ్యమని చెప్పాలో తేలలేదు.

జూలై 23

బాలప్ప మామ వచ్చాడు. ఆ దండ తెచ్చాడు, గుడ్డలో చుట్టి. "బావా, కాల్చమంటే కాల్చేయి. నా కోసం నువ్వు గుంతలో పిల్లిని సాకొద్దు."

నాయన దండ ముట్టుకోలేదు. "బెల్లం కట్టి ఇచ్చినా. తీసుకుపో."

అమ్మ మామకు మజ్జిగ ఇచ్చింది. ఎవరూ నా వైపు చూడలేదు.

జూలై 26, శనివారం

అమ్మ నాయన తెల్ల పంచె ఉతికి దండెం మీద ఆరేసింది. బుధవారం శ్రావణం.

"పోవద్దు" అన్నాను నాయనతో. "పోతే మనం ఓడిపోయినట్టే."

"తప్పయిందంటే పండ్లేమీ రాలవు లేరా."

"నీకు సిగ్గు లేదా నాయనా?"

అన్నాను. రాస్తున్నాను కూడా, అనలేదని తర్వాత నాకు నేను చెప్పుకోకుండా.

నాయన కొట్టలేదు. కొడితే బాగుండేది. గూట్లోంచి ఒక కట్ట తీశాడు. నేను గోడకేసి కొట్టిన అట్టలు, మూలన పడేసిన అట్టలు. ఎప్పుడు ఏరి పెట్టుకున్నాడో! మూడు దండల్లోని తప్పు అట్టలు, పద్నాలుగు మూళ్లు నలభైరెండు. కొంచెం వంగినవాటిని బరువు కింద పెట్టి సాపు చేసి ఉంచాడు.

వాకిట్లో ఎండకు ఒక అట్ట ఎత్తి పట్టాడు. "రా ఈడికి. వేలు పెట్టు."

పెట్టాను.

"నీ మాదిరి ఎనిమిదెనిమిది లెక్కన చూస్తా రా. ఈడ మంచిగుండాది. ఈడ మంచిగుండాది. ఈడ సూడు, ఐదు, ఆరు, ఎనిమిది. ఈ మూడు బొక్కలు నేను గీయలేదు. ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నెట్ల కూర్చున్నాయి. ఆడినుంచి నావన్నీ ఎనిమిది చోట్లు పక్కకు జరిగినాయి. చివరి ఎనిమిదీ అట్ట బయట పడిపోయినాయి."

ఇంకో అట్ట. ఐదు, ఆరు, ఎనిమిది. ఇంకొకటి. ఐదు, ఆరు, ఎనిమిది. నలభైరెండింటిలోనూ.

"ఇంగొకటి సూడు. ఆ కొత్త మనిషి యాడంటే ఆడ రాడు. నేను ఐదు, ఏడు పెట్టిన చోటనే, దాని ముందర వచ్చి కూర్చుంటాడు. కొన సన్నం కావాలని పెట్టినా ఐదు, ఏడు. వేరే యాడా అది లేదు." అట్టలు సర్ది గుడ్డలో చుట్టాడు. "చెడపాలనుకునేవాడు ఒగసారి ఈడ చెడుపుతాడు, ఒగసారి ఆడ. ప్రతిసారీ ఒకే మాదిరి వచ్చిందంటే అది చెడపడం కాదప్పా. అలవాటు. యాడో ఎవరో అట్ల చెయ్యమని చెప్పినారు, అది చేస్తాండాది."

అదే రోజు, మళ్లీ

ఎనిమిది చోట్లు ఒక అక్షరం. అందులో చివరి నాలుగు చోట్ల విలువ వరసగా ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఐదోదీ ఏడోదీ లేస్తే పది. యూనిక్స్‌లో పది అంటే లైను అయిపోయిందన్న గుర్తు. ఐదు, ఆరు, ఎనిమిది అంటే పదమూడు. డాస్ పద్ధతిలో లైను అయిపోయిందంటే పది ఒక్కటే చాలదు, దాని ముందర పదమూడు ఉండాలి.

నాయన గీసిన మొగ్గ కొనను చూసి సిగ్విన్ లైను అయిపోయిందనుకుని, ముందు ఒక పదమూడు చేర్చింది. పద్నాలుగు అట్టల్లోనూ. మూడుసార్లూ. మర్యాదగా.

ఎవరు చెప్పారు దానికి?

ఈ నోటుబుక్కు వెనక్కి తిప్పాను. జూన్ 18. నా చేతి రాత. 'ప్రజల భాష మాట్లాడాలి, డాస్ అన్నాను.'

తప్పు అట్టల ఫైళ్లలో ముప్పై అక్షరాల బదులు ముప్పైఒకటి ఉండి ఉంటాయి. సైజు చూస్తే అక్కడికక్కడే తెలిసేది. చూడలేదు. కరపత్రం రాస్తూ ఉన్నాను.

జూలై 27, ఆదివారం

ఆదెన్న అంగడి మూసి ఉంది. రెండుసార్లు పోయి వచ్చాను. మూసి ఉన్నందుకు సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గేసింది.

జూలై 28, సోమవారం

ఎనిమిదింటికి పోయాను. తలుపు తీసే ఉంది. మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆదెన్న ఒక్కడే కూర్చుని పులిజూదం రెండు పక్షాలూ తనే ఆడుకుంటున్నాడు.

"ఆదెన్నా, తప్పు నాది. ఎక్కించేటప్పుడు డాస్ భాష అని నేనే..."

తల ఎత్తలేదు. "అరిసింది యాడ?"

"టీ బంకు కాడ."

"మరి ఇప్పుడు చెవిలో చెప్తాండావే?"

బయటికి వచ్చాను. టీ బంకు దగ్గర ఎనిమిది మంది. ఆ రోజు ఉన్నవాళ్లలో నలుగురైనా ఉన్నారు. "ఆదెన్న నా ఫైళ్లు ముట్టుకోలేదు. తప్పు నేను చేసినా. ఆదెన్న ఎవరికీ అమ్ముడుపోలేదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఒక ముసలాయన "ఏం ఫైళ్లప్పా?" అన్నాడు. మిగతావాళ్లు టీ తాగారు. నిజం బహిరంగంగా చెప్పడం ఇంత చప్పగా ఉంటుందని ఏ కరపత్రంలోనూ లేదు.

లోపలికి పోయాక ఆదెన్న దుప్పటి తీశాడు.

"ఖాళీగానే ఉండాదిలే. నువ్వు అరిసిన సాయంత్రమే శశికుమార్‌కు తెలిసింది, నెల దినాలు నీకు తలుపు తీసినానని. ఆ పొద్దు నుంచి ఒక్క అట్ట పనీ రాలేదు."

నేను దుప్పటి అందుకుని మడత పెట్టాను.

"అల్లుడిని మళ్లీ తీసుకురా" అన్నాడు. "ఈసారి ఏ భాషలో మాట్లాడాలో వాడినే అడుగు."

మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. లైను చివర గుర్తు అడిగిన చోట ఆగి, రెండుసార్లు చదివాను. యూనిక్స్. పదకొండింటికి తొంభైఆరు ఫైళ్లు, ఒక్కోటి ముప్పై అక్షరాలు. వేలుతో తెర మీద లెక్కపెట్టాను.

జూలై 29

అమ్మ కుట్టింది. నాయన దిగాడు. తొడిమ, ఆకు, కొన. సన్నగా, ఒంటిగా, చీలకుండా వచ్చింది. నాయన కింద పెట్టిన అద్దంలో చూసుకున్నాడు. చీర బోర్లా నేస్తారు కాబట్టి ముఖం అద్దంలోనే తెలుస్తుంది. అద్దంలోంచే నన్ను కూడా చూశాడు.

"బాగుండాది" అన్నాడు.

గెలిచాం అని రాద్దామనుకున్నాను. రాయలేదు, దుప్పటి కప్పిన మిషను గుర్తొచ్చి.

జూలై 30, బుధవారం

పొద్దున నాయన తెల్ల పంచె కట్టాడు.

"యాడికి నాయనా? అట్టలు వచ్చినాయి గదా!"

"నాకు వచ్చినాయి. ఆదెన్నకు పోయినాయి." తువ్వాలు మడత పెట్టుకున్నాడు. "మన ఇంటి నోరు చేసిన దానికి మన ఇంటోళ్లే పోవాల."

చొక్కా వేసుకుని వెనకాలే నడిచాను.

శశికుమార్ అంగడిలో నలుగురు ఉన్నారు, ఆయన కోరినట్టే. నాయన మెట్ల మీద నిలబడ్డాడు.

"శశికుమారూ, బాలప్పకు అట్టలు ఇచ్చినదానికి తప్పనను. అది నా తాత చేసినాడు, నేను చేసినా, ఇంగ ముందరా చేస్తా. నాకు నీ అట్టలు వద్దు. ఆదెన్న మిషను నా కొడుకు వాడుకున్నాడు, ఆయప్ప నీకు ద్రోహం చేయలేదు. నా ఇంటి మీద కోపానికి ఆయప్ప పొయ్యి ఆర్పొద్దు."

"అది అడిగేదానికి ముందర ఒగ మాట అనాల్సింది ఉండాదే, శ్రీరంగన్నా."

నాయన పెదవి కదిలింది. నేను ఒక మెట్టు పైకెక్కి ఆయన ముందుకు వచ్చాను.

"తప్పయింది" అన్నాను.

శశికుమార్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏమప్పా? ఆ పొద్దు టీ బంకు కాడ ఊరంతటికీ వినపడింది నీ గొంతు. ఈడికి వినపల్లా."

మళ్లీ చెప్పాను, నలుగురికీ వినపడేలా. మొదటి పేజీలో రాసినట్టే, నాయన నోట ఆ మాట రాలేదు.